ఫెడరల్ పరిశోధన నిధులు రాష్ట్రాలకు ఏమిస్తాయి? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

అమెరికా ఫెడరల్ ప్రభుత్వం శాస్త్ర పరిశోధనకు వెచ్చించే డబ్బు వల్ల ఒక్కొక్క రాష్ట్రానికి, అక్కడి చదువులకు, ఉద్యోగాలకు కలిగే మేలు ఏమిటని అడుగుతూ ఆ దేశంలో నివసిస్తున్న పాఠకుల నుంచీ, పిల్లల్ని అక్కడికి చదువుకు పంపిన తల్లిదండ్రుల నుంచీ చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే విషయాన్ని అడిగిన వాటిని కలిపి, ఎక్కువమందికి ఉపయోగపడతాయనుకున్న ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేము ఇండియానాలో స్థిరపడి చాలా కాలమైంది. మేము కట్టే పన్ను వాషింగ్టన్‌కు వెళ్తుంది, అందులో కొంత పరిశోధన గ్రాంట్లుగా మళ్ళీ మా రాష్ట్రానికే వస్తుంది. మధ్యలో ఈ చుట్టుదారి ఎందుకు? ఆ డబ్బు రాష్ట్రమే ఉంచుకొని తనకు కావలసిన పరిశోధనను తానే చేయించుకోవచ్చు కదా?

జవాబు: మీ ప్రశ్నకు మీ రాష్ట్ర చరిత్రలోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. 1960ల్లో ఇండియానా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న థామస్ బ్రాక్ అనే సూక్ష్మజీవ శాస్త్రవేత్త, ఎంత వేడి వరకు ప్రాణం నిలబడగలదో తెలుసుకోవాలన్న కుతూహలంతో, శాస్త్ర పరిశోధనకు నిధులిచ్చే ఫెడరల్ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ఇచ్చిన గ్రాంటు సహాయంతో వయోమింగ్‌లోని ఎల్లోస్టోన్ వేడినీటి బుగ్గలను పరిశీలించడం మొదలుపెట్టారు. 1966లో ఆయనా, అప్పటికి ఇంకా డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ అనే విద్యార్థీ కలిసి, 70 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా పెరిగే ఒక బ్యాక్టీరియాను వేరుచేసి, దానికి థర్మస్ అక్వాటికస్ అని పేరు పెట్టారు. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత కాలిఫోర్నియాలోని సీటస్ అనే కంపెనీలో కొద్దిపాటి డీఎన్ఏను కోట్ల ప్రతులుగా పెంచే పాలిమరేజ్ చైన్ రియాక్షన్ అనే పద్ధతి రూపుదిద్దుకుంటున్నప్పుడు, మరిగే వేడికి కూడా చెడిపోని ఎంజైము ఒకటి అవసరమైంది. అది ఆ బ్యాక్టీరియాలోనే దొరికింది. కోవిడ్ కాలంలో కోట్లమంది చేయించుకున్న ఆర్‌టీపీసీఆర్ పరీక్ష, నేర పరిశోధనలో డీఎన్ఏ పరీక్ష, పుట్టబోయే బిడ్డలో జన్యులోపాలను కనిపెట్టే పరీక్ష, ఇవన్నీ ఆ పద్ధతి మీదే నడుస్తున్నాయి. ఆ పద్ధతిని ఊహించిన కేరీ మల్లిస్‌కు 1993లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇప్పుడు ఈ కథలో ఎవరి వాటా ఎక్కడ ఉందో చూడండి. పరిశోధకుడు ఇండియానావాడు, నీటి బుగ్గ వయోమింగ్‌ది, వ్యాపారం కాలిఫోర్నియాది, ప్రయోజనం అందరిదీ. వయోమింగ్ బుగ్గల్లోని సూక్ష్మజీవులను ఏరుకొని రావడానికి డబ్బు ఇవ్వమని 1964లో ఇండియానా శాసనసభను అడిగి ఉంటే, సభ్యులు కాదనడంలో తప్పు పట్టవలసిందేమీ ఉండేది కాదు, ఎందుకంటే ఆ ఖర్చుకు తమ రాష్ట్ర ప్రజలకు ఏమి తిరిగి వస్తుందో వారికి ఎవరూ చెప్పగలిగేవారు కాదు. జ్ఞానం రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు కనుక, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన లాభం మాత్రమే లెక్క వేసుకుంటే దేశానికి అవసరమైనంత మౌలిక పరిశోధన ఎప్పటికీ జరగదు. దీనికి తోడు, దాదాపు అన్ని రాష్ట్రాలకూ ఏటా ఆదాయవ్యయాలను సరిసమానం చేసి తీరవలసిన చట్టబద్ధమైన నిర్బంధం ఉంది. మాంద్యం వచ్చి పన్నుల రాబడి పడిపోయిన సంవత్సరం పాఠశాలలకూ వైద్యానికీ కోత పెట్టవలసి వచ్చే ప్రభుత్వం, పదేళ్ళకు గానీ ఫలితం తెలియని ప్రయోగాన్ని నిలబెట్టగలదని ఆశించలేం. విశ్వవిద్యాలయాల పరిశోధన వ్యయంలో రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల వాటా 5 శాతం దగ్గరే ఉంటోంది. ఫెడరల్ ప్రభుత్వం వాటా సగానికి పైన.

ఈ ఏర్పాటు తనంతట తాను వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, 1945 జూలైలో, వానెవర్ బుష్ అనే ఇంజనీరు అధ్యక్షుడు ట్రూమన్‌కు సమర్పించిన నివేదికలో దీనికి పునాది పడింది. అయితే నేషనల్ సైన్స్ ఫౌండేషన్ చట్టం రావడానికి మరో అయిదేళ్ళు పట్టింది. దాన్ని ఆలస్యం చేసిన వివాదాల్లో ఒకటి మీరు అడిగిన విషయానికి చాలా దగ్గరిది. వెస్ట్ వర్జీనియా సెనేటర్ హార్లీ కిల్గోర్ నిధుల్లో కొంత భాగాన్ని రాష్ట్రాలన్నిటికీ పంచాలని పట్టుబట్టారు. ప్రతిభ ఒక్కటే కొలమానం కావాలని బుష్ వాదించారు. 1950 మే 10న ట్రూమన్ సంతకం చేసిన చట్టంలో బుష్ మాటే చాలావరకు నెగ్గింది గానీ, కిల్గోర్ లేవనెత్తిన ప్రశ్న మాత్రం మాసిపోలేదు. దాని గురించి కింద మరో జవాబులో చెబుతాం.

ప్రశ్న: ఈ డబ్బు రాష్ట్ర ఖజానాకు చేరుతుందా? దాన్ని ఎవరికి ఇవ్వాలో గవర్నరు నిర్ణయిస్తారా?

జవాబు: లేదు. వ్యవసాయ పరిశోధన లాంటి కొన్ని పద్దుల్లో తప్ప, ఈ నిధులు పోటీ ద్వారానే వస్తాయి. ఒక విశ్వవిద్యాలయంలోని పరిశోధకుడు ఏమి చేయదలచుకున్నాడో, ఎందుకు, ఎంత ఖర్చుతో, ఎవరితో కలిసి చేస్తాడో వివరంగా రాసి ప్రతిపాదన పంపితే, అదే రంగంలో పనిచేసే ఇతర శాస్త్రవేత్తలు దాన్ని చదివి మంచిచెడ్డలు బేరీజు వేస్తారు. నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కు ఏటా సుమారు 40,000 ప్రతిపాదనలు వస్తుంటే, వాటిలో రమారమి నాలుగింట ఒకటి గట్టెక్కుతుంది. వైద్య పరిశోధనకు సంబంధించిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, అంటే ఎన్ఐహెచ్, వార్షిక బడ్జెట్ ఇటీవలి సంవత్సరాల్లో సుమారు 4,700 కోట్ల డాలర్లు. అందులో 80 శాతానికి పైగా ఆ సంస్థ గోడలు దాటి, ప్రతి రాష్ట్రంలోనూ ఉన్న రెండున్నర వేల విశ్వవిద్యాలయాలకూ ఆసుపత్రులకూ పరిశోధనాలయాలకూ చేరి, మూడు లక్షలమందికి పైగా పరిశోధకులకు పని కల్పిస్తోంది.

గ్రాంటులో అధిక భాగం మనుషులకే ఖర్చవుతుంది. ప్రయోగశాల సహాయకుల జీతాలు, పరిశోధక విద్యార్థుల స్టయిపెండు, డాక్టరేటు ముగించి శిక్షణలో ఉన్నవారి వేతనాలు పోగా మిగిలినది పరికరాలకూ రసాయనాలకూ కంప్యూటర్ల వాడకానికీ వెళ్తుంది. కాబట్టి ఒక రాష్ట్రానికి ఎంత వస్తుందన్నది, ఆ రాష్ట్రం తన విశ్వవిద్యాలయాల్లో ఎలాంటి మనుషులను నియమించుకొని, వారికి ఎలాంటి వసతి కల్పించిందన్న దానిమీద ఆధారపడుతుంది. రాష్ట్ర ప్రభుత్వం చేయవలసిన పని ఇక్కడే ఉంది. విశ్వవిద్యాలయాల బడ్జెట్లు చర్చకు వచ్చినప్పుడు ఈ సంగతి తరచూ మరుగున పడుతోంది.

ప్రశ్న: గ్రాంటులో సగానికి పైగా విశ్వవిద్యాలయాలు పరోక్ష ఖర్చుల పేరుతో మింగేస్తున్నాయని చదివాను. ఇది నిజమేనా?

జవాబు: ఈ లెక్కలో చాలామంది పొరబడుతున్నారు. పరోక్ష ఖర్చుల రేటును ప్రత్యక్ష ఖర్చు మీద కలుపుతారు, మొత్తం గ్రాంటులోంచి కోయరు. లక్ష డాలర్ల ప్రత్యక్ష ఖర్చు ఉన్న పనికి 50 శాతం రేటు ఉంటే, విశ్వవిద్యాలయానికి అదనంగా 50,000 వస్తుంది, మొత్తం లక్షన్నర అవుతుంది. అందులో పరోక్ష ఖర్చు మూడో వంతు. పైగా పెద్ద పరికరాల ధర, విద్యార్థుల ట్యూషన్ ఫీజు వంటి వాటి మీద ఈ రేటు వర్తించదు కనుక నికరంగా వచ్చేది ఇంకా తక్కువగా ఉంటుంది. 2023లో ఎన్ఐహెచ్ ఇచ్చిన సుమారు 3,500 కోట్ల డాలర్ల గ్రాంట్లలో పరోక్ష ఖర్చుల కింద పోయినది 900 కోట్లని ఆ సంస్థే చెప్పింది. అంటే నాలుగో వంతు.

ఆ డబ్బుతో కరెంటు బిల్లులు, ప్రమాదకర రసాయనాల పారవేత, ప్రయోగ జంతువుల సంరక్షణ, రోగుల భద్రతను చూసే సంఘాలు, లెక్కల తనిఖీ, భవనాల నిర్వహణ నడుస్తాయి. ఇవేవీ లేకుండా ఏ ప్రయోగశాలా తలుపులు తెరవలేదు. రేటును ఒక్కో విశ్వవిద్యాలయం ఫెడరల్ ప్రభుత్వంతో బేరమాడి, ఖర్చుల రుజువులు చూపి నిర్ణయించుకుంటుంది. పరిపాలన ఖర్చుల భాగం 26 శాతం మించకూడదని 1991 నుంచే పరిమితి ఉంది. ఈ పద్ధతి అంతా సజావుగా ఉందని మేము అనడం లేదు. రేట్లను తేల్చే విధానం సామాన్యులకు అర్థం కానంత చిక్కుగా ఉంది, అనుమానాలు పెరగడానికి అదే ముఖ్య కారణం. అయితే 2025 ఫిబ్రవరిలో ఎన్ఐహెచ్ అన్ని సంస్థలకూ కలిపి 15 శాతం అనే ఒకే పరిమితిని హఠాత్తుగా ప్రకటించినప్పుడు, 22 రాష్ట్రాలు రోజుల వ్యవధిలోనే కోర్టుకు వెళ్ళాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఏర్పడే ఆ లోటును చివరికి పూడ్చవలసింది తామేనన్న భయం వారిది. ఫెడరల్ కోర్టు ఆ పరిమితి అమలును అడ్డుకుంది.

ప్రశ్న: మా అమ్మాయి సౌత్ డకోటాలో ఒక చిన్న కళాశాలలో జీవశాస్త్రం చదువుతోంది. గ్రాంట్లన్నీ మసాచుసెట్స్, కాలిఫోర్నియా వంటి రాష్ట్రాల పెద్ద విశ్వవిద్యాలయాలకే పోతాయని అంటారు. తనలాంటి విద్యార్థులకు వీటివల్ల ఒరిగేదేమైనా ఉందా?

జవాబు: ఉంది, అది కూడా మీ అమ్మాయి ఇప్పుడే అందుకోగలిగినంత దగ్గరలో ఉంది. పైన కిల్గోర్ లేవనెత్తిన ప్రశ్న అని చెప్పాం కదా, అది మూడు దశాబ్దాల తర్వాత మళ్ళీ ముందుకు వచ్చింది. కేవలం పోటీ మీద నిధులు పంచితే ఇప్పటికే బలంగా ఉన్నచోటికే డబ్బు చేరుతూ, బలహీనంగా ఉన్నచోట పోటీకి నిలిచే శక్తే ఏర్పడదని అమెరికా చట్టసభ అయిన కాంగ్రెసు గుర్తించింది. దాంతో నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1970ల చివర ఎప్‌స్కోర్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది. 1980లో మొదటి విడతలో చేరిన అయిదు రాష్ట్రాలు ఆర్కన్సా, మెయిన్, మోంటానా, సౌత్ కరొలైనా, వెస్ట్ వర్జీనియా. అయిదేళ్ళ సగటున ఫౌండేషన్ నిధుల్లో 0.75 శాతం లేదా అంతకన్నా తక్కువ పొందిన రాష్ట్రాలు దీనికి అర్హమవుతాయి. సుమారు సగం రాష్ట్రాలు, వాటిలో సౌత్ డకోటా కూడా, ఈ జాబితాలో ఉన్నాయి. 2022లో వచ్చిన చిప్స్ అండ్ సైన్స్ చట్టం, 2029 నాటికి ఫౌండేషన్ నిధుల్లో 20 శాతం దాకా ఈ ప్రాంతాలకు చేరేలా చూడమని నిర్దేశించింది. ఎన్ఐహెచ్‌లో ఇదే ఉద్దేశంతో 1993లో ఏర్పడిన ఐడియా అనే కార్యక్రమం ఉంది. దానికింద నడిచే ఇన్‌బ్రే అనే వ్యవస్థ, రాష్ట్రంలోని పెద్ద విశ్వవిద్యాలయాన్నీ చుట్టూ ఉన్న చిన్న కళాశాలలనూ కలిపి, డిగ్రీ విద్యార్థులకు నిజమైన ప్రయోగశాల అనుభవం కల్పిస్తుంది. మీ అమ్మాయి తన జీవశాస్త్ర విభాగంలో ఇన్‌బ్రే గురించి అడిగితే వివరాలు తెలుస్తాయి.

మరొకటి, ఆర్ఈయూ అని అందరూ పిలిచే వేసవి పరిశోధన కార్యక్రమం. ఫౌండేషన్ డబ్బుతో దేశమంతటా నడిచే ఈ శిబిరాల్లో విద్యార్థులు ఎనిమిది నుంచి పది వారాలు ఒక పరిశోధక బృందంతో పనిచేస్తారు, అందుకు స్టయిపెండు కూడా అందుతుంది. తమ కళాశాలలో పరిశోధనకు అవకాశం లేనివారికి ప్రాధాన్యం ఇచ్చే శిబిరాలు చాలా ఉన్నాయి. దీనికి అమెరికా పౌరసత్వం గానీ గ్రీన్ కార్డు గానీ ఉండాలి. ఎల్లోస్టోన్ కథలో హడ్సన్ ఫ్రీజ్ ఒక డిగ్రీ విద్యార్థి అన్న సంగతి మీ అమ్మాయికి చెప్పండి. పరిశోధన నిధుల విలువను అంచనా వేసేవారు పేటెంట్లనూ కంపెనీలనూ లెక్కపెడతారు గానీ, మా ఉద్దేశంలో ఒక రాష్ట్రానికి దక్కే అతి పెద్ద ఆస్తి ఇలా పనిచేస్తూ నేర్చుకున్న యువతీయువకులే. వారిలో చాలామంది శాస్త్రవేత్తలు కారు. ఆసుపత్రుల్లో, కర్మాగారాల్లో, హైస్కూలు తరగతి గదుల్లో పనిచేస్తారు. ఒక ప్రశ్నను ఎలా పట్టుకోవాలో, కొలతలో పొరపాటును ఎలా పసిగట్టాలో తెలిసినవారుగా పనిచేస్తారు.

పెద్ద పరిశోధన కేంద్రం ఒకటి ఉంటే చుట్టుపక్కల పాఠశాలలకు కూడా ఆ ప్రయోజనం చేరగలదనడానికి లూసియానా మంచి ఉదాహరణ. లివింగ్‌స్టన్ దగ్గర చెట్ల మధ్య నాలుగేసి కిలోమీటర్ల పొడవున్న రెండు గొట్టాలతో నిర్మించిన లైగో కేంద్రం, వాషింగ్టన్ రాష్ట్రంలోని జంట కేంద్రంతో కలిసి, 2015 సెప్టెంబరు 14న అంతరిక్షంలో భారీ వస్తువులు ఢీకొన్నప్పుడు పుట్టే గురుత్వ తరంగాలను మొదటిసారి పట్టుకుంది. ఫౌండేషన్ అప్పటికి నాలుగు దశాబ్దాల కాలంలో దాని మీద దాదాపు 110 కోట్ల డాలర్లు వెచ్చించింది. అక్కడే ఒక విజ్ఞాన విద్యా కేంద్రం ఉంది. పాఠశాల పిల్లలు వచ్చి తమ చేతులతో ప్రయోగాలు చేసి చూస్తారు, ఉపాధ్యాయులు శిక్షణ పొందుతారు. నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన సదరన్ విశ్వవిద్యాలయం అందులో భాగస్వామి. లూసియానా కూడా ఎప్‌స్కోర్ రాష్ట్రమే.

ప్రశ్న: మా అబ్బాయి ఎఫ్-1 వీసా మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఫెడరల్ గ్రాంటు డబ్బు విదేశీ విద్యార్థికి ఇవ్వవచ్చా?

జవాబు: ఇవ్వవచ్చు. గ్రాంటు విశ్వవిద్యాలయానికి వస్తుంది, ప్రొఫెసరు తన ప్రాజెక్టులో పరిశోధన సహాయకుడిగా మీ అబ్బాయిని నియమించుకుంటే ఆ స్టయిపెండు, ట్యూషన్ ఫీజు గ్రాంటులోంచి చెల్లించవచ్చు. కొన్ని రక్షణ సంబంధ ప్రాజెక్టుల్లో మాత్రం పరిమితులు ఉంటాయి. అయితే విద్యార్థికే నేరుగా ఇచ్చే ఫెలోషిప్పుల సంగతి వేరు. 1952 నుంచి ఫౌండేషన్ ఇస్తున్న గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్పుకు పౌరులు, గ్రీన్ కార్డు ఉన్నవారు మాత్రమే అర్హులు.

ప్రశ్న: ఒక డాలరు పెడితే రెండున్నర డాలర్లు తిరిగి వస్తాయని ప్రచారం చేస్తున్నారు. ఆర్థిక విషయాల్లో ఇలాంటి మాటలను నమ్మవచ్చా? రాష్ట్ర ఆర్థిక వ్యవస్థకు నిజంగా జరిగే మేలు ఎంత?

జవాబు: ఆ అంకె యునైటెడ్ ఫర్ మెడికల్ రీసెర్చ్ అనే కూటమి లెక్క. 2024లో ఎన్ఐహెచ్ గ్రాంట్ల మీద వెచ్చించిన ప్రతి డాలరుకు 2.56 డాలర్ల ఆర్థిక కార్యకలాపం జరిగిందని, నాలుగు లక్షలకు పైగా ఉద్యోగాలు నిలిచాయని ఆ కూటమి చెప్పింది. అది పరిశోధన నిధులను సమర్థించే సంస్థల కూటమి అన్నది ముందు గుర్తుంచుకోవాలి. అంకె తప్పని కాదు గానీ అది కొలిచేది వేరు. ప్రయోగశాల సహాయకురాలి జీతం ఇంటి అద్దెగా, కిరాణా బిల్లుగా చేతులు మారుతూ ఊళ్ళో ఎంత తిరిగిందో అది చెబుతుంది. రోడ్డు వేసినా, వంతెన కట్టినా అలాంటి తిరుగుడే ఉంటుంది. అందువల్ల ఈ అంకెను పట్టుకొని పరిశోధనను సమర్థించడం, దాని అసలు బలాన్ని చెప్పకుండా వదిలేయడమే అవుతుంది. పరిశోధనకు ప్రత్యేకమైనది, డబ్బు ఖర్చయిపోయాక మిగిలేది. 2010 నుంచి 2016 వరకు అమెరికాలో అనుమతి పొందిన 210 కొత్త మందుల్లో ప్రతి ఒక్కదాని వెనుకా ఎన్ఐహెచ్ నిధులతో జరిగిన పరిశోధన ఉందని 2018లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. ఆ పరిశోధనలో ఎక్కువ భాగం మందు గురించి కాదు, ఆ మందు పనిచేయవలసిన కణాల, ప్రొటీన్ల స్వభావం గురించి.

ఇక రాష్ట్రం సంగతి. దేశానికి కలిగిన లాభం ఏ రాష్ట్రంలో నిలుస్తుందన్నది దానంతటదే తేలదు. అలబామాలోని హంట్స్‌విల్‌ను చూడండి. 1950లో 16,000 జనాభా ఉన్న పత్తి ఊరు అది. ఆ ఏడు సైన్యం తన రాకెట్ బృందాన్ని అక్కడికి తరలించింది, 1960లో నాసా తన మార్షల్ అంతరిక్ష కేంద్రాన్ని అక్కడ నెలకొల్పింది. మనుషులను చంద్రుడి వైపు మోసుకెళ్ళిన శాటర్న్-5 రాకెట్ రూపకల్పనకు ఆ కేంద్రమే నాయకత్వం వహించింది. ఫెడరల్ డబ్బుతోనే ఊరు ఎదిగిందని చెప్పి ఇక్కడ ఆపేయడం పరిపాటి. కానీ 1961లో ఆ రాకెట్ బృందం నాయకుడు వెర్నర్ వాన్ బ్రౌన్ రాష్ట్ర శాసనసభ ముందుకు వెళ్ళి, ఇక్కడ పరిశోధన చేసే విశ్వవిద్యాలయం లేకపోతే వచ్చిన నిపుణులు నిలవరని, కొత్తవారు రారని చెప్పి ఒక పరిశోధన సంస్థకు నిధులు అడిగారు. రాష్ట్రం 30 లక్షల డాలర్ల బాండ్లకు ఒప్పుకుంది. ఆ పునాది మీద ఎదిగిన అలబామా విశ్వవిద్యాలయం హంట్స్‌విల్ శాఖ 1969లో స్వతంత్ర ప్రతిపత్తి పొందింది. చంద్రయాత్రలు ముగిసి నాసా ఖర్చు తగ్గాక కూడా ఊరు ఖాళీ కాకపోవడానికి, ఇంజనీర్లు అక్కడే కొత్త కంపెనీలు పెట్టుకోవడానికి ఆ విశ్వవిద్యాలయం ఒక ముఖ్య కారణమని మేము భావిస్తాం. 2020 జనాభా లెక్కల్లో హంట్స్‌విల్ రెండు లక్షలు దాటి, బర్మింగ్‌హామ్‌ను మించి అలబామాలో అతి పెద్ద నగరమయింది.

నార్త్ కరొలైనాలో కథ రెండో కొసనుంచి నడిచింది. పొగాకు, నూలు మిల్లులు, కలప సామాన్ల మీద ఆధారపడి తలసరి ఆదాయంలో దేశంలో అట్టడుగు రాష్ట్రాల సరసన ఉన్నప్పుడు, చదువుకున్న పిల్లలు రాష్ట్రం వదిలి వెళ్ళిపోతున్నారన్న ఆవేదనతో గవర్నర్ ల్యూథర్ హాడ్జెస్, కొందరు వ్యాపారులు, మూడు విశ్వవిద్యాలయాల పెద్దలు కలిసి 1959లో రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌ను స్థాపించారు. మొదటి ఆరేళ్ళు అక్కడికి వచ్చినవారు తక్కువ. 1965లో ఎన్ఐహెచ్‌కు చెందిన పర్యావరణ ఆరోగ్య పరిశోధన కేంద్రాన్ని అక్కడ పెట్టాలని ఫెడరల్ ప్రభుత్వం నిర్ణయించింది, అదే ఏడాది ఐబీఎం వస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత వందల సంస్థలు వచ్చాయి. ఇక్కడ రాష్ట్రం ముందుగా నేల సిద్ధం చేసుకొని ఉంది కనుకే ఫెడరల్ నిర్ణయం రాగానే పంట చేతికొచ్చింది.

చట్టాలు కూడా తోడ్పడ్డాయి. 1980కి ముందు ఫెడరల్ డబ్బుతో పుట్టిన ఆవిష్కరణల మీద హక్కు సాధారణంగా ప్రభుత్వానిదే. వేలకొద్దీ పేటెంట్లు వాడేవారు లేక పడి ఉండేవి. ఆ ఏడాది డిసెంబరులో వచ్చిన బే-డోల్ చట్టం ఆ హక్కును విశ్వవిద్యాలయాలకు ఇస్తూ, రాయల్టీలో పరిశోధకుడికి వాటా ఇవ్వాలని, లైసెన్సుల్లో చిన్న వ్యాపారాలకు ప్రాధాన్యం ఉండాలని నిర్దేశించింది. 1982లో వచ్చిన మరో చట్టం, పెద్ద శాఖలు తమ పరిశోధన బడ్జెట్లో కొంత భాగాన్ని చిన్న కంపెనీలకే కేటాయించాలని చెప్పింది. క్వాల్‌కామ్ తన తొలి రోజుల్లో ఆ సహాయం పొందింది. గూగుల్ మూలాలు కూడా స్టాన్‌ఫర్డ్‌లో ఫౌండేషన్ నిధులతో నడిచిన డిజిటల్ గ్రంథాలయ ప్రాజెక్టులో ఉన్నాయి. అక్కడ పుట్టిన వెతుకులాట పద్ధతి పేటెంటును వాడుకోనిచ్చినందుకు ప్రతిగా వచ్చిన గూగుల్ వాటాలను అమ్మి స్టాన్‌ఫర్డ్ 33 కోట్ల డాలర్లకు పైగా సంపాదించింది. అయితే అలాంటి అదృష్టం ఎక్కడో గానీ రాదు. చాలా విశ్వవిద్యాలయాలకు పేటెంట్ల మీద వచ్చే ఆదాయం పరిశోధన ఖర్చుతో పోలిస్తే అత్యల్పం. రాష్ట్రాలు దాన్ని నమ్ముకొని లెక్కలు వేసుకోకూడదు.

ప్రశ్న: వ్యవసాయానికి దీనిలో చోటు ఉందా?

జవాబు: అన్నిటికన్నా పాత చోటు దానిదే. 1862 నాటి మోరిల్ చట్టం రాష్ట్రాలకు ఫెడరల్ భూములు ఇచ్చి వ్యవసాయ, సాంకేతిక కళాశాలలు పెట్టించింది. 1887 నాటి హాచ్ చట్టం ప్రతి రాష్ట్రంలో వ్యవసాయ ప్రయోగ కేంద్రానికి ఏటా 15,000 డాలర్లు మంజూరు చేసింది. 1914లో వచ్చిన స్మిత్-లీవర్ చట్టం ఆ ఫలితాలను రైతుల దగ్గరకు చేర్చే విస్తరణ సేవలను ఏర్పరచింది. ఈ నిధులు పోటీతో కాక ఒక సూత్రం ప్రకారం రాష్ట్రాలకు అందుతాయి, రాష్ట్రం కూడా తన వాటా కలపాలి. పొలాల కోసం పెట్టిన కేంద్రాలు పొలాలకే పరిమితం కాలేదు. క్షయకు మొదటి సమర్థమైన మందు స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో రట్గర్స్‌లోని న్యూజెర్సీ వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ అనే విద్యార్థి మట్టిలోని సూక్ష్మజీవుల నుంచి కనుగొన్నాడు.

ప్రశ్న: నిధులు ఒకటి రెండేళ్ళు తగ్గించి, పరిస్థితి చక్కబడ్డాక మళ్ళీ పెంచితే నష్టమేమిటి?

జవాబు: నష్టం చాలా ఉంది, ఎందుకంటే ప్రయోగశాలను దీపంలా ఆర్పి మళ్ళీ వెలిగించలేం. ఏళ్ళ తరబడి పెంచిన ఎలుకల సంతతి, వరుసగా నమోదు చేస్తున్న రోగుల వివరాలు, పదేళ్ళ అనుభవమున్న సాంకేతిక నిపుణుడు, ఇవి ఒకసారి చెదిరిపోతే తర్వాత రెట్టింపు డబ్బు ఇచ్చినా తిరిగి రావు. 2013లో బడ్జెట్ కోతల చట్టం వల్ల ఎన్ఐహెచ్ 5 శాతం, అంటే 155 కోట్ల డాలర్లు కోల్పోయినప్పుడు ఆ ఏడాది సుమారు 700 గ్రాంట్లు తగ్గాయి. 2025లో నిధుల మీద అనిశ్చితి ఏర్పడగానే కొన్ని విశ్వవిద్యాలయాలు పీహెచ్‌డీ ప్రవేశాలను తగ్గించాయి. ఆ ఏడు చేరలేకపోయిన విద్యార్థి రెండేళ్ళు ఖాళీగా కూర్చొని ఎదురుచూడడు, వేరే వృత్తిలోకో వేరే దేశానికో వెళ్తాడు.

హఠాత్తుగా పెంచడం కూడా అంతే చేటు చేయగలదు. 1998లో 1,360 కోట్ల డాలర్లున్న ఎన్ఐహెచ్ బడ్జెట్‌ను 2003 నాటికి 2,700 కోట్లకు రెట్టింపు చేసి, ఆ తర్వాత పెంచడం ఆపేశారు. ఆ అయిదేళ్ళలో విశ్వవిద్యాలయాలు కొత్త భవనాలు కట్టి, కొత్తవారిని తీసుకున్నాయి. వారందరూ ప్రతిపాదనలతో ముందుకు వచ్చేసరికి డబ్బు పెరగడం ఆగిపోయింది. మూడింట ఒకటికి దగ్గరగా ఉన్న విజయావకాశం కొన్నేళ్ళలోనే అయిదింట ఒకటికి పడిపోయింది. దెబ్బ తగిలింది ఎక్కువగా అప్పుడే ప్రయోగశాల తెరిచిన యువ పరిశోధకులకు. ఏటా కొద్దికొద్దిగా, నమ్మకంగా పెరిగే నిధులు, అప్పుడప్పుడు ఉదారంగా కురిసే వాటికన్నా మేలని మా దృఢ అభిప్రాయం.

నిధులను మధ్యలో ఆపేయడం టెక్సాస్‌లో మరీ పెద్ద ఎత్తున జరిగింది. వాక్సహాచీ దగ్గర 87 కిలోమీటర్ల చుట్టుకొలతతో తలపెట్టిన సూపర్ కొలైడర్ అనే, కణాలను ఢీకొట్టించి పరిశీలించే యంత్రం అంచనా వ్యయం 440 కోట్ల డాలర్ల నుంచి 1,100 కోట్లకు పెరగడంతో 1993 అక్టోబరులో కాంగ్రెసు దాన్ని రద్దు చేసింది. అప్పటికి సుమారు 200 కోట్ల డాలర్లు ఖర్చయి, 23 కిలోమీటర్ల సొరంగం తవ్వడం పూర్తయింది. ఖర్చు అదుపు తప్పిందన్న విమర్శలో న్యాయం ఉంది. కానీ దేశం నలుమూలల నుంచి కుటుంబాలతో వచ్చిన భౌతిక శాస్త్రవేత్తలు చెల్లాచెదురయ్యారు, అలాంటి యంత్రంతో వెతకవలసిన హిగ్స్ కణం 2012లో జెనీవా దగ్గర దొరికింది.

ప్రశ్న: మా రాష్ట్రానికి, మా ఊరి విశ్వవిద్యాలయానికి ఎంత వస్తోందో, ఏ పనికి వస్తోందో మేము స్వయంగా చూడగలమా?

జవాబు: చూడగలరు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎన్ఐహెచ్ నడిపే రిపోర్టర్ అనే వెబ్‌సైటులో రాష్ట్రం, ఊరు, సంస్థ, కాంగ్రెసు నియోజకవర్గం వారీగా ప్రతి గ్రాంటు వివరం, మొత్తం, సారాంశం దొరుకుతాయి. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వెబ్‌సైటులో అవార్డ్ సెర్చ్ అనే విభాగం అదే పని చేస్తుంది. విశ్వవిద్యాలయాల పరిశోధన వ్యయం మొత్తం ఎంతో, అందులో ఫెడరల్, రాష్ట్ర, సొంత వాటాలెంతో తెలిపే హెర్డ్ అనే సర్వేను ఫౌండేషన్ ఏటా ప్రచురిస్తుంది. ముందుగా మీ నియోజకవర్గం పేరుతో వెతికి, మీకు తెలిసిన రోగమో పంటో ఉన్న గ్రాంటు సారాంశం ఒకటి చదవండి. అక్కడ పరిశోధకుల పేర్లూ వారి విభాగాలూ ఉంటాయి. చాలా విశ్వవిద్యాలయాలు ఏడాదిలో కొన్ని రోజులు ప్రయోగశాలలను ప్రజలకు తెరిచి ఉంచుతాయి కనుక, పిల్లలను తీసుకొని వెళ్ళి ఆ పని చేస్తున్నవారినే నేరుగా ప్రశ్నలు అడగవచ్చు.